మంగ్లా రోడ్డు మీద మూడు ఎర్ర ఇంటూలు

బిలాస్‌పూర్ వెళ్ళదలచినవారికి ముందే ఒక మాట. విజయనగరంలో రాత్రి తొమ్మిదికి కోర్బా బండి ఎక్కితే మర్నాడు పదకొండున్నరకు దింపాలి. దింపుతుందని నేను పూచీ ఇవ్వను. దారిలో తిండి నమ్ముకోకుండా పులిహోర కట్టుకెళ్ళండి.

నేను సరదాకి బయలుదేరలేదు. బిలాస్‌పూర్‌లో ఉండే మా అప్ప నారాయణమ్మ, అంటే మా పెద్దక్క, మంగళవారం ఫోన్ చేసి ఏడ్చింది. మా బావ అప్పలస్వామిగారు రైలు పట్టాలు చూసే గ్యాంగుకి పెద్దగా, వాళ్ళ భాషలో మేట్‌గా చేసి రిటైరయ్యారు. ఊరి చివర మంగ్లాలో ఇల్లు కట్టుకున్నారు. సోమవారం సాయంత్రం నాలుగింటికి ఆ ఇంటి ముందు రోడ్డు అంచున ఎవరో స్ప్రే డబ్బాతో మూడు ఎర్ర ఇంటూ మార్కులు కొట్టి పోయారట.

"పట్టా మీద మూడు ఇంటూలు కొడితే ఆ ముక్క మూడ్రోజుల్లో తీసీయాలంటారు మీ బావ. రోడ్డు వెడల్పు చేస్తారంట. బుల్డోజర్ వొస్తే ఇటికలు కూడా మిగలవని, గురువారం నాలుగింటికి వరండా తీసీడానికి పాత గ్యాంగోల్ని పిలిసినారు. ముప్పై ఏళ్ళు క్వార్టర్లో మగ్గిపోనానే. నాది అని కూకోడానికి నాకున్నది ఆ వరండాయే. నువ్వు హిందీ టీచరువి కదా, వొచ్చి ఆఫీసరోల్తో మాట్లాడు."

ఇరవై ఆరేళ్ళుగా హైస్కూల్లో హిందీ చెబుతున్నాను. ఆ హిందీ ఎవరితోనైనా మాట్లాడవలసి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. అయినా మా అప్ప ఏడిస్తే నేను ఊరుకోలేను. బుధవారం రాత్రి స్లీపర్‌లో పడ్డాను.

గురువారం తొమ్మిదిన్నరకు రాయపూర్. ప్లాట్‌ఫారం మీద కాగితంలో వేడి వేడి అటుకుల పోహా ఇచ్చారు, బాగుంది. ఎదుటి సీటావిడ బిలాస్‌పూర్‌లోనే తోర్వా అనే పేటలో ఉంటుందట, భర్తకు లోకో షెడ్డులో డ్యూటీ. నా గోడు విని, "అచ్ఛా, ఎర్ర రంగా? మా రోడ్డు మీదా కొట్టినారండి. ఆర్నెల్లు ఏటీ అవలేదు. ఆ తరవాతా ఏటీ అవలేదు," అంది. కొంచెం ధైర్యం వచ్చింది. వెంటనే బండి సిగ్నల్ దగ్గర ఆగిపోయి ఆ ధైర్యాన్ని కాస్తా తినేసింది.

పన్నెండూ నలభైకి బిలాస్‌పూర్‌లో దిగాను. ఆటో అతను మంగ్లాకి అరవై అడిగాడు. నేను పాఠ్యపుస్తకం హిందీలో న్యాయం, ధర్మం అని మొదలుపెట్టేసరికి భయపడి నలభైకి వచ్చాడు. తెలిపారా బజారు సందడిలో ఇరుక్కుని, ఒంటిగంటన్నరకు ఇల్లు చేరాను.

బావగారు పాత ఖాకీ చొక్కా వేసుకుని వరండా స్తంభాల కొలతలు తీస్తున్నారు. గోడకి నాలుగు గునపాలు చేరవేసి ఉన్నాయి.

"ఏటమ్మా, బాగున్నావా? బోయినం చేసీ. నాలుగింటికి పనుంది."

"బావగారూ, ఇది రోడ్డు. రైలు పట్టా కాదు కదా."

"ఎర్ర మార్కు ఎక్కడున్నా ఎర్ర మార్కే. ముప్పైరెండేళ్ళ సర్వీసులో ఒక్క మార్కు తప్పు సదవలేదు నాను."

వాదించి లాభం లేదని గోంగూర పప్పుతో నాలుగు ముద్దలు మింగాను. రెండింటికి అప్పా నేనూ ఆ గుర్తుల వెంబడి నడక మొదలుపెట్టాం. రోడ్డు అంచునే ఒక బాణం, దాని పక్కన 165. కొంత దూరాన ఒక ఇంటూ, మరి కొంత దూరాన రెండు. ఎండ మాడ్చేస్తోంది. పాన్ దుకాణం దగ్గర ఆగి, "మహోదయ్, ఇన్ చిహ్నోం కా తాత్పర్య్ క్యా హై?" అని అడిగాను. ఆయన నా వైపు భక్తిగా చూసి, గుడి ఎడమవైపు సందులో ఉందని చూపించాడు. అప్ప నవ్వుతుందని నేను అటు చూడలేదు.

మూడింటికి బాణాలు అయిపోయి కందకం వచ్చింది. పాతికమంది తవ్వుతున్నారు. పక్కనే పెద్ద చక్రానికి చుట్టిన నల్లటి తీగ. స్ప్రే డబ్బా పట్టుకున్న మేస్త్రీ దగ్గరకు వెళ్ళి గొంతు సవరించుకుని, "శ్రీమాన్, కృపయా..." అన్నాను.

అతను మా అప్ప వైపు తిరిగి, "ఈమె ఏమంటుందమ్మా? ఇంతదాంక తెలుగుల్నే మాట్లాడుకుంట వస్తిరి కదా. మాది పాలమూరు. నా పేరు చెన్నయ్య," అన్నాడు.

నా ఇరవై ఆరేళ్ళ హిందీ అక్కడితో ముగిసింది. పల్లెలకు ఇంటర్నెట్ తీగ వేస్తున్నారట.

"165 అంటే గన్ని సెంటీమీటర్ల లోతు తవ్వాలె. ఒక్క ఇంటూ ఏస్తే కింద బండ ఉన్నట్టు. రెండేస్తే ఇంకోళ్ళ తీగ ఉన్నట్టు. మూడేస్తే నీళ్ళ పైపు, దాని జోలికి పోవద్దు. మావోళ్ళల్ల సదువు అందరికి రాదు, గుర్తులైతే అందరికీ ఎరుకే."

"అయితే నా వరండా?" అంది అప్ప.

"నీ వరండాతోని నాకేం పనమ్మా?"

అప్ప అక్కడే మట్టి కుప్ప మీద కూలబడి ఏడ్చేసింది. నాకూ కళ్ళు చెమర్చాయి. మేం చెబితే బావగారు నమ్మరని చెన్నయ్యను బతిమాలి ఆటో ఎక్కించాం. మూడూ నలభై.

కానీ రైల్వే మనుషులు డ్యూటీకి ముందే వస్తారు. మేం దిగేసరికి నలుగురు తలనెరిసిన గ్యాంగు మనుషులు రోడ్డు వైపు మెట్టు దగ్గర ఉన్నారు. బావగారు "జోర్ లగాకే" అని వాళ్ళకి ఊపు ఇస్తున్నారు. నేను "ఆపండి" అనే లోపల గునపం దిగింది. నీళ్ళు నిలువెత్తున లేచి బావగారి ఖాకీ చొక్కా మొత్తం తడిపేశాయి.

చెన్నయ్య నెత్తి కొట్టుకున్నాడు. "గిందుకే కదా మూడు కొట్టిన."

పైపుకి ట్యూబు రబ్బరు చుడుతూ చెన్నయ్య తన గుర్తులన్నీ మళ్ళీ చెప్పాడు. బావగారు మొహం తుడుచుకున్నారు. "మా కాడ మూడంటే తీసీమని. మీ కాడ ముట్టుకోవద్దని. అచ్ఛా. మరి ఒకటికి మీ కాడ ఏటన్నావు?" అని పక్కనే చతికిలబడ్డారు. టీలు తెప్పించారు. ఒక మెట్టు పోయింది, వరండా మిగిలింది.

అప్ప మాత్రం చెన్నయ్య స్ప్రే డబ్బా తీసుకుని వరండా స్తంభం మీద మూడు ఎర్ర ఇంటూలు కొట్టింది. బావగారు టీ గ్లాసు కింద పెట్టేశారు.

"ఏటి సేసినావే?"

"ఇది మీ రైల్వే మార్కు కాదు. మేస్త్రీ మార్కు," అంది అప్ప.

ఆదివారం తిరుగు ప్రయాణం. అప్ప స్టేషనుకి రానంది. బండికి ఇంకా చాలా టైముంది, అయినా బావగారు నన్ను మూడున్నరకే ప్లాట్‌ఫారం మీద కూర్చోబెట్టారు. ఈ ఊళ్ళో ఎర్ర రంగు కనబడితే ముందు ఎవరు కొట్టారో కనుక్కోవాలి, హిందీ ఆ తరువాత. నాలుగు రోజుల్లో నేను నేర్చుకున్నది ఇంతే. బావగారు మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నారు. అప్ప మార్కు కొట్టి సరిగ్గా మూడు రోజులవుతోంది.

నాలుగు కొట్టగానే సెల్ తీసి ఇంటికి ఫోన్ చేశారు.

"నారాయణా, వరండా ఉందా?"

అప్ప గొంతు నాకు బయటికే వినబడింది.

"ఉంది. నాను దాని మీదే కూకున్నాను."