ముందు పాప చూడాల

బళ్ళారి జిల్లా తెక్కలకోట బస్టాండు పక్కన మా జిరాక్సు అంగడిలో కంప్యూటరు తెర కింద ఒక గుండ్రటి చెక్క పీట ఉంది. వేలితో తోస్తే తిరుగుతుంది. నా భార్య అనుపమ కంప్లిలో వడ్రంగికి చెప్పి మరీ చేయించుకుంది, పదో తరగతి ఫలితాల రోజు కోసం.

ఫలితాలు ఫోన్లలోనూ వస్తాయి. కానీ మొదటి గంటలో ఎవరి ఫోనులోనూ సైటు తెరుచుకోదు. అందుకని పిల్లలూ, వాళ్ళ వెనకే పెద్దవాళ్ళూ మా అంగడికి వస్తారు. అనుపమ నంబరు కొట్టి, తెరను గోడవైపు సందులోకి తిప్పేసేది. ఆ సందులో ఒక్క మనిషికే చోటు. చివరి మీట పిల్లలే నొక్కాలి.

"మీరంతా బయట నిలబడండి. ముందు పాప చూడాల," అనేది. ఎంత పెద్దమనిషికైనా అదే మాట.

తన ఫలితం తను చూసుకోలేదు అనుపమ. ఆమె పదో తరగతి రాసిన ఏడాది నంబర్లు బడి గోడ మీద అంటించారు. వాళ్ళ నాయన పోయి చూసొచ్చి "పోయింది" అన్నాడు. ఏం పోయిందని ఆమె అడగలేదు. ఎనిమిదేళ్ళ తరువాత, అప్పటికి మా పెళ్ళయింది, ఏదో ఉద్యోగానికి అర్జీ పెడదామని మార్కుల కాగితం కోసం ఆ బడికి వెళ్ళాం. గుమాస్తా పాత కట్టలోంచి తీసిచ్చాడు. ఆరింటిలో ఐదు పాసు. సైన్సు నాలుగు మార్కులతో పోయింది. అనుపమ వరండాలో నిలబడి ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది.

"ఒక్కటేనా?" అంది.

ఆ సైన్సు రాసి పాసయింది. ఉద్యోగం రాలేదు గానీ, ఆ పరీక్షను మాత్రం ఆమె వదల్లేదు. అంగడి పెట్టాక ఏటా పాత ప్రశ్నపత్రాలు జిరాక్సు తీస్తూ తీస్తూ, ఏ లెక్క మళ్ళీ మళ్ళీ వస్తుందో పెన్సిలుతో గుర్తు పెట్టుకునేది. ఏడాదికి మూడుసార్లు రాయొచ్చన్న కొత్త పద్ధతి వచ్చినప్పుడు, కన్నడ సర్క్యులరు తెచ్చుకుని వాక్యం వాక్యం చదివింది. అర్థం కాని చోట హైస్కూలు హెడ్‌మాస్టరును అడిగింది. చివరికి అంతా తెలుగులో రాసి అంగడి తలుపుకు అంటించింది. సహకార సంఘంలో ఇరవై ఏళ్ళు కాగితాలతోనే బతికినవాణ్ణి నేను. ఒక కాగితాన్ని అంత శ్రద్ధగా చదివిన మనిషిని ఇంకొకరిని చూడలేదు.

పోయిన మే నెల ఫలితాలకు పక్క పల్లె నుంచి నారప అనే రైతు కూతురు హారతిని వెంటబెట్టుకుని వచ్చాడు. హారతి మీట నొక్కి, తెర చూసి, అలాగే నిలబడింది. నారప ఆగలేక తల లోపలికి పెట్టాడు.

"ఏమైందే?"

"లెక్కలు పోయినాయి నాయనా."

"ఆయ్తు బిడు, అయిపాయలే. ఇంక బడీ లేదు గిడీ లేదు. శుక్రవారం కంప్లికి, మీ అత్త ఇంటికి పో. ఆడ బట్టలంగట్లో మనిషి కావాలంటాండారు."

"ఏంది నారపన్నా అంత తొందర?" అంది అనుపమ.

"ఫెయిలంటే ఫెయిలే కదమ్మా. మళ్ళొచ్చే ఏడు చిన్నపిల్లోళ్ళ పక్కన కూర్చోని ఆరూ రాయల్ల."

"ఎవురు చెప్పినారు?"

"అందురూ అంటారు."

"ఆ అందురూ నా తలుపుకు ఆనుకోని టీ తాగేటోళ్ళే. దాని మింద కాగితం మాత్రం సదవరు. నువ్వు ఆరు మళ్ళు నాటితే ఒక మడి కుళ్ళిపాయ. కడమ ఐదూ కొయ్యకుండా ఇడిసిపెడ్తావా?"

"నీ మళ్ళు బాగుండాయిలే. మళ్ళా రాస్తే ఇంకా తక్కవొస్తే?"

"తక్కవొస్తే పాతవే ఉంటాయి. రాసేది లెక్కలొక్కటే, అదీ ఈ ఎండాకాలంలోనే. బళ్ళో అర్జీ ఇచ్చేదానికి గురువారం దాకా టైముండాది. నువ్వేమో శుక్రవారం బస్సెక్కిస్తానంటాండావు!"

బయట ఎవరో నవ్వారు. నారప ముఖం ముడుచుకుని కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయాడు.

బుధవారం దాకా ఎదురుచూసింది అనుపమ. గురువారం పొద్దున అంగడికి తాళం వేసి, "స్కూటరు తియ్యి" అంది నాతో. ఫలితాల వారంలో ఆమె అంగడి మూయడం నేను ఎప్పుడూ చూడలేదు.

మేం వెళ్ళేసరికి నారప వాకిట్లో మందు కొట్టే పంపు కడుగుతున్నాడు. హారతి బట్టల సంచి అప్పటికే గుమ్మం దగ్గరుంది. అనుపమ వాదించలేదు. చేతిసంచిలోంచి తన పాత మార్కుల కాగితం తీసి అతని చేతికిచ్చింది. ఇంట్లో బీరువా అడుగున ఉండే ఆ కాగితాన్ని ఆమె ఎవరికీ చూపించగా నేను చూడలేదు.

నారప కన్నడ అక్షరాలు కూడబలుక్కున్నాడు. "ఎవురిదమ్మా ఇది? ఒక్కటే కదా పోయింది."

"నాదే. మా నాయన చూసొచ్చి పోయిందన్యాడు. ఒక్కటే అని నాకు తెలిసేతలికి ఎనిమిదేండ్లు పట్టింది."

నారప ఆ కాగితాన్ని తడి అంటకుండా రెండు చేతులతో పట్టుకుని వెనక్కిచ్చాడు. కూతురి వైపు చూడకుండా అన్నాడు, "చెప్పులేసుకో. బడి కాడికి పోదాం."

ఆ తరువాత రోజూ మధ్యాహ్నం హారతి అంగడికి వచ్చేది. లెక్కలు చెప్పడం అనుపమకు రాదు. పెన్సిలు గుర్తులున్న పాత పేపర్లు ముందు పెట్టి, "నీకు వచ్చేవి ముందు చెయ్యి, రానివాటికి ఏడ్సేది తరవాత," అనేది. గడియారం పెట్టి రాయించేది.

హారతి పరీక్ష రాసిన తొమ్మిదో రోజు పొద్దున, కొళాయి దగ్గర నీళ్ళు పడుతూ అనుపమ కూలబడింది. బళ్ళారి ఆసుపత్రి చేరేలోపే పోయింది.

రెండో పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు నేను అంగడి తెరిచాను. తెరవకూడదనే అనుకున్నాను. కానీ నారపా హారతీ మూసిన తలుపు ముందు, ఆమె రాసిన కాగితం కింద నిలబడి ఉన్నారు.

నంబరు తప్పు కొట్టి, మళ్ళీ కొట్టాను. ఈసారి నారప లోపలికి తల పెట్టలేదు. తనే మెట్లు దిగి, రోడ్డువైపు తిరిగి నిలబడ్డాడు. నేను పీటను తోశాను. తెర సందులోకి తిరిగింది.

హారతి మీట నొక్కింది. కాసేపటికి, "మామా, నువ్వు చూడవా?" అంది.

"నువ్వు చూసినాక."

"నలభై మూడు," అంది. బయటి నుంచి నారప అరిచాడు, "ఏమైందే?"

"నువ్వే వచ్చి చూడు నాయనా."

నారప చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. లెక్కల వరస ఎక్కడుందో హారతి చూపించబోతే ఆమె చెయ్యి పక్కకు జరిపాడు. తెర మీద వేలు పెట్టి, మొదటి వరస నుంచి ఒక్కొక్కటే, ఆరూ చదివాడు.