నేను తొక్కేసిన ఇసుక గుహ

కువైట్‌లో చలికాలం రాగానే నా యజమానుల ఇల్లంతా తాము ఉండే రుమైథియా పేట వదిలి ఎడారిలో గుడారాలు వేసుకుంటుంది. నేను వాళ్లింటి పనిమనిషిని కాబట్టి పొయ్యీ గిన్నెలతో సహా నన్నూ కారెక్కిస్తారు. ఆ ఏడు గాలి కొట్టకుండా గుడారాల వెనక రెండు నిలువుల ఎత్తు ఇసుక కట్ట పోయించారు. మా వైపు గోడలా నిట్టనిలువుగా, అవతల వాలుగా ఉండేది.

ఒకరోజు తెల్లవారుజామున వాన పడి వెలిసింది. మామా అని నేను పిలిచే యజమానురాలి చిన్న కూతురు, ఆరేళ్ల పిల్ల, కట్ట అడుగున తడి ఇసుక తోడి గుహ చేసుకుని అందులో దూరింది. లోపల బొమ్మలు, బిస్కెట్లు, ఒక దుప్పటి. మామా మురిసిపోతూ ఫోన్‌లో వీడియో తీస్తోంది. చూసేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

మాది కడప జిల్లా. ఎండాకాలం ఏట్లో చెలమ తోడుకుని నీళ్లు తెచ్చుకున్నవాళ్లం. ఇసుక సంగతి బియ్యప్పిండి లాంటిదే. నాలుగు చుక్కలు చల్లి నొక్కితే ముద్ద నిలుస్తుంది. ఆరితే పొడిపొడిగా రాలుతుంది, నీళ్లెక్కువైతే జారిపోతుంది. మా పిన్ని ఒకనాడు నీళ్లు ఊరడం లేదని చెలమలోకి వంగి, గోడను అడుగున తొలిచింది. పొద్దుట గట్టిగా నిలబడ్డ ఆ గోడే ఎండకు ఆరి మధ్యాహ్నం ఆమె మీద పడింది. మేం లాగేసరికి ఊపిరి లేదు.

ఇక్కడా ఎండెక్కుతోంది. కట్ట పైన అప్పుడే తెల్లబడింది, ఇసుక సన్నగా రాలుతోంది.

"మామా, పిల్లను బయటికి పిలువు. పైన ఆరిపోతోంది, కూలుతుంది" అని నాకొచ్చిన అరబ్బీ అంతా వాడి చెప్పాను.

"గట్టిగానే ఉంది కదా, ఆడుకోనీ. నువ్వెళ్లి చాయ్ పెట్టు" అంది, ఫోన్ దించకుండానే.

చాయ్ అట చాయ్! ఆ పిల్ల కాలు పట్టుకుని బయటికి ఈడ్చాను. గుహ నోరు పూడేదాకా కసిదీరా తన్నాను. పిల్ల గుక్కపట్టింది. మామా నన్ను తిట్టని తిట్టు లేదు. పిచ్చిదాన్నట, వాళ్ల పిల్ల నవ్వితే ఓర్వలేనట.

అంతటితో ఊరుకున్నారా? పిల్లను ఓదార్చడానికి వాళ్ల నాన్న, మేం బాబా అనే యజమాని, డ్రైవర్‌ను పిలిచి, పక్కనే ఇంకా పెద్ద గుహ తవ్వమన్నాడు. ఆ డ్రైవర్ మా రాయచోటి వైపు మనిషి. నేను అన్నా అని పిలుస్తాను. మిట్టమధ్యాహ్నం పార పట్టుకుని మొదలుపెట్టాడు.

"అన్నా, నీకు కండ్లు లేవా? పైన ఇసక ఎట్ల రాల్తాందో సూడు. పిల్ల సచ్చిపోతాది!"

"నాకేంటికి మే? బాబా తవ్వమన్నాడు, తవ్వతాండా. నువ్వు నోరు మూసుకోని పో."

నాకేంటికట! ఇద్దరం ఒకే ఏటి నీళ్లు తాగినవాళ్లం. ఆ మాటకు వాడి చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. తవ్వడం అయింది. వాడు చెమట తుడుచుకుంటూ ఇవతలికి వచ్చాడు. పిల్ల దుప్పటి చుట్టుకుని గంతులేస్తూ బయలుదేరింది.

నేను కట్ట వెనక నుంచి పైకి పరిగెత్తాను. పిల్ల ఇంకా దూరంలో ఉండగానే సరిగ్గా ఆ గుహ నెత్తిన నిలబడి రెండు కాళ్లతో ఒక్క దూకు దూకాను. గభాలున దిగిపోయింది. నడుము దాకా ఇసుకలో కూరుకుపోయాను. గుహ లేదు, లోపల వదిలిన పార లేదు. డ్రైవర్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"నువ్వెక్కావు కాబట్టే కూలింది!" అని అరిచింది మామా. "ఖలాస్! రేపు ఇంటికి పో. నా పిల్లల దగ్గరికి రాకు."

"అవును మామా, నేనెక్కినందుకే కూలింది" అని నేనూ అంతకన్నా గట్టిగా అరిచాను.

చెయ్యిచ్చి లేపినవాళ్లు లేరు. మోచేతులతో పాక్కుంటూ బయటపడ్డాను. ఆ పిల్ల నన్ను చూసి, నువ్వు చెడ్డదానివి, నువ్వు నాకొద్దు అని కాళ్లు నేలకేసి కొడుతూ ఏడుస్తోంది. ఏడవనీ. ఇసుక కింద కాదు, ఇసుక మీద నిలబడి ఏడుస్తోంది.