ఫోనులో కరెంటు లేదు

బోరు మోటరును ఫోనుతో నడిపే, కరెంటుందో లేదో ఫోనులోనే చూపే స్టార్టర్ డబ్బాలు తయారుచేసే షాపులో పనిచేస్తాను. సిద్దిపేటలో, గజ్వేల్ పోయే దారిలో రేకుల షెడ్డు. డబ్బాలోని చిప్పుకు సి భాషలో ప్రోగ్రాము రాయడం నా పని. నాకన్నా ముందు ఆ పని చేసినతను హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. అతను రాసిందే ఇంకా అన్ని డబ్బాల్లో నడుస్తోంది.

మొన్నటి వానాకాలంలో ఒకామె మా డబ్బా ఒకటి కొంగులో చుట్టుకుని వచ్చింది. చిన్నకోడూరు వైపు ఊరు. స్టార్టర్‌లో ఊడిన వైరు బిగించబోయి ఆమె భర్త షాక్ కొట్టి చనిపోయాడు. నెల కూడా కాలేదు.

"తమ్మీ, ఒక్క ముచ్చట చెప్పు. గాలివానకు కరెంటు పోయింది. జరసేపైనంక గాయన వైరు సరిజేస్తనని లేచిండు. ఆయనకు చదువు రాదు. ఫోను నా చేతికిచ్చి కరెంటొచ్చిందా సూడమన్నడు. లేదని ఉన్నది. లేదనే చెప్పిన. నేనేమన్న తప్పు చదివిన్నా?"

లోపలి నుంచి మా ఓనరు గొంతు వచ్చింది. "ఫ్యూజులు పీకి జేబుల ఏసుకోవాలె గదమ్మా! గంత మాత్రం తెల్వదా ఆయనకు?"

ఇక్కడ ఏ రైతైనా స్టార్టర్ ముట్టుకునే ముందు ఫ్యూజులు మూడూ పీకి జేబులో వేసుకుంటాడు. గట్టు మీద పెడితే ఎవరైనా తెలియక మళ్లీ బిగిస్తారని భయం. ఆ మాట ఓనరు నోట వినేసరికి నాకు ఒళ్లు మండింది. ఫ్యూజులతో ఇక పనిలేదు, ఫోను చూస్తే చాలని ఊరూరా తిరిగి డబ్బాలు అమ్మింది ఆయనే.

ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి డబ్బాను టేబుల్ మీద పెట్టాను. డబ్బాకు తెలిసినవి ఒకట్లూ సున్నాలే. వాటిని ఉన్నవి ఉన్నట్టు పంపితే మెసేజీలో పాడవుతాయి. అందుకని ఎనిమిదేసి బిట్లు కలిసిన ఒక్కో బైటును రెండేసి అక్షరాలుగా, సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లీషు అక్షరాలు వాడి రాసి పంపుతాం. ఫోను వాటిని చదివి తెలుగులో చెబుతుంది. ప్లగ్గు పెట్టాను, కరెంటు ఉందంది. పీకాను, లోపలి బ్యాటరీతో నడుస్తూ లేదంది. మళ్లీ పెట్టాను. లేదనే అంది. అదే బోర్డుకున్న ఫ్యాను మాత్రం గిర్రున తిరుగుతోంది.

కంప్యూటరుకు తగిలించి చూస్తే రెండక్షరాలు రావలసిన చోట ఎనిమిది వచ్చాయి. ముందు ఆరు ఎఫ్‌లు, ఆఖరున అసలువి రెండు. కరెంటు పోయి తిరిగి వచ్చిందని చెప్పే గుర్తు బైటులో అన్నిటికన్నా ముందుండే బిట్టు. అది ఒకటి అయితే చిప్పు ఆ బైటును మైనస్ సంఖ్య అనుకుని, అక్షరాలుగా మార్చేటప్పుడు ముందు ఎఫ్‌లు తగిలిస్తుంది. ఫోను చదివేది మొదటి రెండే. రెండు ఎఫ్‌లంటే దాని లెక్కలో కొత్త కబురేమీ లేదని. పాత మాటనే పట్టుకుని కూర్చుంటుంది. ప్రోగ్రాములో 'అన్‌సైన్డ్', అంటే మైనస్ లేనిది, అనే ఒక్క మాట రాసుంటే ఆ మనిషి బతికేవాడు.

కరెంటొచ్చినా లేదంటున్నదని అంతకుముందే రైతులు ఫోన్లు చేశారు. సిగ్నల్ సరిగా లేదని ఓనరు కొట్టిపారేశాడు. ఇప్పుడు తెర చూపించినా చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే అయింది. "డబ్బా మంచిగనే ఉన్నదని చెప్పి తోలియ్యి. లేకుంటే రేపటిసంది నువ్వు రాకు" అన్నాడు.

నేను బయటికొచ్చి ఆమె పక్కన కూర్చున్నాను.

"అక్కా, నువ్వు మంచిగనే చదివినవ్. డబ్బానే తప్పు చెప్పింది. నీ తప్పు ఇసుమంత లేదు."

గుండె మీది బరువు దిగి ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఏడవలేదు.

"మంచిగనే చదివిన్నా?"

"మంచిగనే అక్కా."

ఆమె టేబుల్ మీది డబ్బా వైపు తిరిగింది.

"నాకు చదువు రానన్ని దినాలు ఫ్యూజులు పీకి జేబులేసుకునేటోడు తమ్మీ. ఆడోళ్ల సంఘంల చదువు నేర్చుకున్నంక, నువ్వు చదువుతవు గదా, ఇగ ఫ్యూజులెందుకే అని బంద్ జేసిండు. నేను మంచిగ చదువుడే ఆయన పానం తీసింది. తప్పు చదివినవని చెప్పినా బాగుండు."