ఏట్లో దిగబడిన జీపు ఎవరిది

నిన్న సాయంత్రం ఉక్కునగరంలో మా మనవరాలి క్వార్టరు ముందు ఆగిన జీపు నుంచి, వేడి సైలెన్సరు మీద తడి బురద కాలుతున్న వాసన వచ్చింది. కొండల్లో తిరిగొచ్చిన ఆ పిల్ల ఫోనులో ఫొటోలు చూపించింది. అన్నీ బురద ముఖాలే, ఒకరి భుజాల మీద ఒకరి చేతులు. ఎవరే వీళ్ళంటే, "ఏమో మామ్మా, దారిలో కలిశారు. మంచోళ్ళు," అంది. పేరు తెలియనివాళ్ళు మంచివాళ్ళని ఎలా తేలుస్తారో నాకు చిన్నప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కావడం లేదు.

చిన్నప్పుడంటే, నాకు తొమ్మిది నిండి పదో ఏడు నడుస్తున్నప్పుడు. గోదావరి వైపు నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చిన మా నాన్న, మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత జీపొకటి కొన్నాడు. మృగశిర చినుకులకు దుమ్ము అణిగి, సముద్రం వైపు నుంచి గాలి చల్లబడి, జాలరిపేట చేపల గంపలు వీధుల్లోకి వచ్చేసరికి, ఆయనకూ పాత ఊళ్ళో మెకానిక్ షెడ్డున్న కరీం మామకూ కాళ్ళు నిలిచేవి కావు. అనంతగిరి అడవి దారి పట్టేవారు. ప్రతిసారీ ఎక్కడో దిగబడి మర్నాటికి గాని వచ్చేవారు కాదు. ఆ ఏడు చంటి తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని అమ్మ తేల్చి చెప్పింది: "ఈసారి బండి దిగబడిందంటే అమ్మేయాల్సిందే." ఉన్నదున్నట్టు చెప్పేదాన్నని నన్ను కూడా జీపెక్కించింది.

అది ఆదివారం. మర్నాడే బడి తెరిచారు కాబట్టి పొరపాటు లేదు. పొద్దెక్కేసరికి అడవిలో ఒక ఏరు దాటబోయి, వెనక చక్రాలు ఇసకలోకి ఇరుసు దాకా దిగిపోయాయి. నాన్న ముఖం పాలిపోయింది. అమ్మేస్తే ఆయనకింక ఆదివారాలే లేవు. ఇంతలో వెనక నుంచి మరో జీపు వచ్చింది. కాస్త పైన నీళ్ళు లోతు లేవు, అటు నుంచి దాటిపోవచ్చు. కాని దిగబడిన బండిని వదిలి ముందుకుపోకూడదని ఆ దారిలో ఆచారమట. మమ్మల్ని లాగాలన్న తొందరలో ఆ జీపతను సరిగ్గా మా చక్రాలు పడ్డ గాడిలోకే దింపి, తానూ కూరుకుపోయాడు.

"ఏటి బావా, ఏరు దాటుతన్నావా, ఏట్లో కాపరం పెట్టినావా?" అన్నాడు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి. పద్మనాభం అనే ఊళ్ళో రైతు, నాయుడుగారు.

"కాపరమే. నువ్వు పక్కింటికి దిగావు," అన్నాడు నాన్న.

ముగ్గురూ విరగబడి నవ్వారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రాళ్ళు మోసి, కొమ్మలు నరికి చక్రాల కింద వేసి, తోసి, జారిపడి, మళ్ళీ తోసి, మధ్యలో అడ్డాకుల్లో మా పులిహోర, కరీం మామ ఖీమా రొట్టెలు, నాయుడుగారి వంకాయ ఎండురొయ్యల కూర కలిపి తిని, మధ్యాహ్నం తిరిగాక రెండు బండ్లనూ ఒడ్డుకు తెచ్చారు. ఆపద ఇలా ఉంటుందా, పండగ ఇలా ఉంటుందా?

అమ్మ పెట్టిన షరతు సంగతి కరీం మామ తినేటప్పుడే చెప్పేసినట్టున్నాడు. నాయుడుగారు తన ఊరి మలుపు దగ్గర తిరగకుండా మా వెనకే విశాఖపట్నం దాకా వచ్చాడు. దీపాలు పెట్టే వేళ గుమ్మంలో అమ్మ.

"సెల్లమ్మా, నా బండి దిగబడిపోతే నీ పెనిమిటే లాగినాడు," అన్నాడు నాయుడుగారు.

"కాదు బెహన్, దిగబడింది నా బండి," అన్నాడు కరీం మామ అదే ఊపులో.

"మీకు బండెక్కడిదండీ, అన్నయ్యగారూ?"

నాన్న చెప్పులకేసి చూస్తున్నాడు. నేను జవాబు నోట్లో పెట్టుకుని నిలబడ్డాను. అమ్మ మా జీపు సీటు దాకా అంటిన బురద చూసింది, ముగ్గురినీ చూసింది, నన్ను మాత్రం చూడలేదు. "కాళ్ళు కడుక్కుని రండి, అన్నం వార్చాను," అని లోపలికి వెళ్ళిపోయింది.

జీపు అమ్మలేదు. అమ్మ ఏ రోజూ నన్ను అడగలేదు. మరి నన్నెందుకు పంపినట్టు?

ఆ ఏటి మీద వంతెన కట్టారు. మేమున్న పోర్టు క్వార్టర్ల చోట ఇప్పుడు కంటైనర్లు. ఆ గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. ముందు దిగబడింది మా బండేనని ఇప్పుడు ఎవరికి చెప్పాలో తెలియడం లేదు.