పౌడర్ పొయ్యిలో పొంగిన బానెట్

పోయిన వారం ఖానాపురం హవేలిలో ఉండే మా అమ్మాయి తన కారు చక్రాలకు నల్లరంగు వేయించడానికి వెళ్తూ, ఇంట్లో ఊరికే కూర్చునే బదులు నువ్వూ రా నాన్నా అంటే వెంట వెళ్ళాను. ఆ షాపులో రంగు డబ్బాలు లేవు, థిన్నర్ వాసన లేదు. గోధుమపిండిలా మెత్తటి పొడిని గన్నుతో ఊదుతుంటే అది కరెంటు ఆకర్షణకు వెళ్ళి లోహానికి అతుక్కుంటోంది, ఆ తర్వాత బీరువా కన్నా పెద్ద పొయ్యిలో పెట్టి కాలిస్తే కరిగి, గాజు పూసినట్టు గట్టిపడుతోంది. పొయ్యి తలుపు తెరవగానే ముఖానికి కొట్టిన వేడీ, ఆ కాలిన వాసనా నన్ను ఒక్కసారిగా వెనక్కి లాక్కుపోయాయి. మా సడ్డకుడు గుర్తొచ్చాడు. తోడల్లుణ్ణి మా వైపు అలాగే అంటాం. ఆయన గుర్తొస్తే ఇప్పటికీ నా దవడలు బిగుసుకుంటాయి.

మా మామ, అంటే నా భార్య తండ్రి, ఖమ్మంలో కార్లకూ జీపులకూ సొట్టలు తీసి రంగులు వేసే షెడ్డు నడిపేవాడు. కొడుకులు లేరు, తన దగ్గర పని నేర్చిన ఇద్దరికి ఇద్దరు కూతుళ్ళనూ ఇచ్చాడు. పెద్దామె సడ్డకుడికి, చిన్నామె తిరుమలాయపాలెం పక్క పల్లె నుంచి వచ్చిన నాకు. ఆ రోజుల్లో రంగు పనంటే ఎంత ఓపికో మన వయసువాళ్ళకు తెలుసు. సొట్ట తీసిన చోట గుంటలు పూడ్చే పుట్టీ ముద్ద పెట్టి, అది ఆరాక నీళ్ళు పోస్తూ వాటర్ పేపరుతో గంటల తరబడి రుద్ది, కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమినా ఎక్కడా గరుకు తగలకుండా చేసి, అడుగు పూతగా ప్రైమరు కొట్టి, దాని మీద పలచగా పొర వెనక పొర వేసేవాళ్ళం. ముసురు పట్టిందంటే రంగు తెల్లబారుతుందని పని ఆపి ఆకాశం వంక చూస్తూ కూర్చునేవాళ్ళం. సడ్డకుడికి ఆ రుద్దుడు మొదటినుంచీ గిట్టదు. ఆయనది చురుకైన నోరు, నాది నెమ్మదైన చెయ్యి.

మామకు వయసు మీదపడి, షెడ్డు ఎవరి చేతిలో పెట్టాలన్న ఆలోచన వచ్చిన రోజుల్లోనే, సారపాక వైపు వెదురు తోలే కంట్రాక్టరొకాయన తన జీపుల డోర్లు, బానెట్లు తెచ్చి దింపాడు. ఈ పని నువ్వు చెయ్యి, చూస్తాను అన్నాడు మామ నాతో. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. మూడు రోజులు వంచిన నడుము ఎత్తకుండా అన్నీ రుద్ది సిద్ధం చేసి, నాలుగో పొద్దున మామా కంట్రాక్టరూ చూస్తుండగా గన్ను పట్టాను. మొదటి పొర పడీపడగానే నున్నటి రంగులో చిన్న చిన్న గుంటలు విచ్చుకున్నాయి, ఆటలమ్మ పోసిన ముఖంలా. తుడిచి, రుద్ది, మళ్ళీ కొట్టాను. మళ్ళీ అవే గుంటలు. మూడోసారీ అంతే.

“వీనికి పని రాదని ముందుగాలనే చెప్పొద్దా?” అని కంట్రాక్టరు నలుగురూ వినేలా అరిచాడు. మామ నా చేతిలోంచి గన్ను తీసుకుని సడ్డకుడి చేతిలో పెట్టాడు. దానితోపాటు షెడ్డు కూడా.

ఏడాది గడిచాక, ఒక మధ్యాహ్నం బియ్యం చెరుగుతూ వదిన, అంటే సడ్డకుడి భార్య, నా భార్య దగ్గర నోరు జారింది. “ఆ పొద్దు మీ బావ పాలిష్ గుడ్డతోని గా డోర్లన్నీ తుడిచిండే చెల్లె. ఎందుకో నాకు మంచిగనిపియ్యలే.” పాలిష్‌లో ఉండే నూనె జిడ్డు చుక్క తగిలినా చాలు, రంగు పట్టు విడిచి గుంటలు పడుతుంది. వెళ్ళి మా నాయనకు చెప్పు అని నా భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను చెప్పలేదు. చెబితే సడ్డకుడికి ఒక పూట తిట్లతో పోతుంది, నాకది చాలదు.

సారపాకకు వెళ్ళి రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, లారీలకూ జీపులకూ రంగులు వేస్తూ ఏళ్ళు గడిపాను. పని ఆపి టీ తాగే ప్రతిసారీ ఆ గుంటలే కళ్ళ ముందుకు వచ్చేవి. అంతలో పౌడర్ కోటింగ్ వచ్చింది. సడ్డకుడు గన్నులు మూలన పడేసి పొయ్యి కట్టించాడు. మామ ఇంట్లో ఏదో శుభకార్యానికి అందరం కూడిన చోట, విస్తళ్ళ ముందు కూర్చుని, “తమ్మీ, ఇగ నీ గన్ను గోదాట్ల పారెయ్. రంగు పెచ్చులూడుతది, పౌడర్ సచ్చేదాక పట్టుకుంటది” అని పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. మర్నాడే విజయవాడ వెళ్ళి, ఒక పౌడర్ షాపు ముందు రెండు రోజులు నిలబడి ఆ పని లోతుపాతులు తెలుసుకున్నాను. చక్రాలకు, బంపర్లకు అది రంగును మించిందే, కాదనను. కానీ పౌడర్‌కు ఒట్టి లోహం కావాలి. లోపల పుట్టీ ఉంటే ఆ వేడికి తట్టుకోలేదు.

నేను ఎదురుచూసిన రోజు ఆ కంట్రాక్టరు చేతుల మీదుగానే వచ్చింది. ఆయన ప్రాణంగా చూసుకునే మొదటి జీపు చెట్టుకు గుద్దుకుంటే, ఈ ఏళ్ళలో నా పని చూసి బానెట్ నా దగ్గరకే పంపాడు. సొట్టల నిండా పుట్టీ పెట్టి, అద్దంలా రుద్ది, పైన ప్రైమరు కొట్టాక, ఆయన వచ్చి, “రంగొద్దు. ఖమ్మంల మీ సడ్డకుడు పౌడర్ కొడుతుండట గద, గక్కడ కొట్టిస్త” అన్నాడు. అడుగున పుట్టీ ఉందని ఒక్క మాట చెప్పవలసింది. చెప్పలేదు. నా చేతులతోనే బానెట్‌ను ట్రాలీ ఆటోలోకి ఎక్కించి, నేనూ పక్కన కూర్చుని ఖమ్మం వెళ్ళాను.

సడ్డకుడు తన గొప్ప చూపించడానికి మామను కూడా పిలిపించి, అక్కడికి వచ్చిన కంట్రాక్టరు పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. “పని మంచిగ చేసినవా తమ్మీ?” అని అడిగాడు. “చెయ్యి పెట్టి సూడన్నా” అన్నాను. తడిమి తల ఊపాడు. పని మీద భయం ఉన్నవాడైతే ప్రైమరు గీకి, అడుగున ఏముందో చూసేవాడు. ఆయన చూడడని నాకు తెలుసు. పుట్టీ ఉన్న మేర పౌడర్ సరిగ్గా నిలవలేదు. అది గమనించి కూడా, మా అందరి ముందూ ఆగడం నామోషీ అనుకుని ఇంకాస్త ఊది, పొయ్యిలో పెట్టి తలుపు మూశాడు. ఆ అరగంట నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. నా పెళ్ళినాడు కూడా నాకంత ఆనందం కలగలేదంటే నమ్మండి.

తలుపు తెరిచేసరికి బానెట్ పూరీలా పొంగి, అక్కడక్కడ పగిలి ఉంది. బయటకు లాగుతుంటేనే పుట్టీ పెళ్ళలు పెళ్ళలుగా నేల మీద పడింది. “నా బండిని ఖరాబు చేసినవ్ గదరా!” అని కంట్రాక్టరు అరిచాడు, నా మీద అరిచిన ఆ గొంతుతోనే. నేను సడ్డకుడి దగ్గరకు వెళ్ళి మెల్లగా అన్నాను: “అన్నా, పాలిష్ గుడ్డ యాదికున్నదా?”

ఏం గుడ్డ అని మామ అడిగాడు. అంతా చెప్పాను. సడ్డకుడు కాదనలేదు. మామ లేచి వచ్చి, కింద పడ్డ పుట్టీ పెళ్ళను చేతిలోకి తీసుకుని చూసి, “వాడు నీకు ద్రోహం చేసిండు. నువ్వు పనికే చేసినవ్” అన్నాడు నాతో. ఆ తర్వాత ఆయన పోయేదాకా మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

మాట ఊరంతా పాకింది. సడ్డకుడి పొయ్యి ఎక్కువ రోజులు వెలగలేదు. కంట్రాక్టరు ఆ బానెట్ మళ్ళీ నా దగ్గరకే తెచ్చాడు; అడుగు లోహం దాకా గీకి, మళ్ళీ మొదలుపెట్టి, ఈల వేసుకుంటూ రంగు కొట్టాను. చేసిందానికి బాధ లేదా అని నా భార్య ఒకసారి అడిగింది. మామ మాటకు బాధ ఉంది, సడ్డకుడి విషయంలో లేదు అన్నాను. నిరుడు సడ్డకుడు పోయినప్పుడు వెళ్ళాను, పాడె మోశాను, కళ్ళు మాత్రం తడవలేదు.

ఇప్పుడు రంగుల పాళ్ళు కంప్యూటరు చెబుతోంది, ఇనుమును మిషను శుభ్రం చేస్తోంది, ఎవరు చేసినా పని ఒక్కలాగే ఉంటోంది. మా కాలంలో రోడ్డు మీద బండి పోతుంటే ఇది మామ చెయ్యి, ఇది నాది అని చెప్పగలిగేవాళ్ళం. మొన్న అల్లుడితో భద్రాచలం వెళ్తుంటే ఒక పాత జీపు ఎదురైంది. డోరు అంచు దగ్గర రంగు మలుపు తిరిగిన తీరు చూసి అది సడ్డకుడి చెయ్యేనని పోల్చుకున్నాను. చూడు చూడు అని అల్లుడి భుజం తట్టాను. ఏముంది మామయ్యా, పాత జీపే కదా అన్నాడు. ఇన్ని ఎండలూ వానలూ తిన్నా ఎక్కడా పెచ్చు లేవలేదు. బాగా కొట్టాడు. ఆ మాట ఆయన బతికున్నప్పుడు నా నోట రాలేదు. బతికుంటే ఇప్పటికీ రాదు.