రోలర్ లాగిన బౌలర్

డెబ్బైల చివర్లో ఒక ఎండాకాలం, అనంతపురం నుంచి తాడిపత్రి పోయే బస్సులో నా పక్కన ముప్పై ఏళ్ల మనిషి కూర్చున్నాడు. అరచేతులు బొబ్బలెక్కి చిట్లి ఉన్నాయి. ఏమైందని అడిగాను.

"రోలర్ లాగినా సార్," అన్నాడు.

అతను జిల్లా జట్టులో ఫాస్ట్ బౌలర్. తాడిపత్రి బండల వ్యాపారి ఒకాయన సొంతంగా క్రికెట్ లీగ్ పెడితే అందులో ఆడాడు. తమది కాని పోటీలో ఆడినవాళ్లందరినీ జిల్లా క్రికెట్ సంఘం వెలేసింది. ఒక్క సీజన్‌కే వ్యాపారి లీగ్ మూసేశాడు. తప్పైపోయిందని చెప్పుకోవడానికి ఇతను ఆ రోజు సంఘం కార్యదర్శి దగ్గరికి వెళ్లాడు.

"పిచ్ మీద రోలర్ లాగప్పా, చూస్తాం అన్నాడు. పొద్దన్నుంచి లాగినా. నేను బౌలింగు నేర్పిన పిల్లోళ్లు నిలబడి చూస్తాండారు. అంతా అయినాక, పిచ్ బాగుండాది, ఇంగ పో, నీకు ఈ జన్మలో ఆట లేదు అన్నాడు."

"మీరేమన్నారు?"

"ఏమంటా సార్. నీళ్లు తాగి వచ్చినా."

తాడిపత్రి దగ్గర టైరు పంక్చరై అందరం దిగాం. రోడ్డు పక్కన, పని దిగిన బండల పాలిష్ కూలీలు క్రికెట్ ఆడుతున్నారు. బంతి దొర్లుకుంటూ వచ్చి అతని కాళ్ల దగ్గర ఆగింది.

"అన్నా, బాలు ఇట్లెయ్," అని ఒకడు నవ్వుతూ చేతులు చాచాడు.

అతను బంతి తీసుకుని వెనక్కి తిరిగాడు. ముళ్లకంపల మీదుగా, అవతల ఉన్న పాడుబడ్డ గని గుంతలోకి విసిరేశాడు. వాళ్ల దగ్గర ఇంకో బంతి లేదు.

"ఏమప్పా, నీకు మేమేం చేసినాము?" అన్నాడు ఆ కూలీ.

అంత దూరం, అంత నేరుగా బంతి విసిరిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.