రెక్క చుట్టూ వేలెడు బట్ట

పత్రికలో సబ్ ఎడిటర్‌గా ముప్పై ఏళ్లు వార్తలు కత్తిరించి, రిటైరై దేవరకొండలో ఉంటున్న రోజులవి. ఇంజినీరింగ్ చదివే మా అమ్మాయి పోటీ కోసం చిన్న విమానం చేస్తూ, రెక్కకు పలుచని పట్టుబట్ట అతికించి స్నానానికి వెళ్లింది. చుట్టూ వేలెడు బట్ట వేలాడుతోంది. సాయం చేద్దామని బ్లేడుతో అంచుదాకా కోసేశాను. తను వచ్చి వార్నిష్ పూయగానే బట్ట బిగుసుకుని అంచుల దగ్గర ఊడిపోయింది.

"ఏంది బాపూ, గిది పేపరనుకున్నవా? కిందికి మలిచి అతికేటందుకే ఇడిచిన. బట్ట అయిపోయింది, రేపే పోటీ!" అంటూ కూలబడింది.

రిటైరైన నాడు కప్పిన పట్టు కండువా తెచ్చి ముందు పెట్టాను.

"జర దూరం కూసో. బ్లేడు ముట్టకు" అంది.

మర్నాడు విమానం కండువా అతికిన రెక్క పక్కకు ఒరుగుతూనే ఎగిరింది. తిరుగు బస్సులో తను నిద్రపోయింది. ముప్పై ఏళ్లలో అదనమని నేను కోసేసిన వాక్యాలు గుర్తొచ్చి, నాకు మాత్రం నిద్ర పట్టలేదు.